హాంకాంగ్‌లో కొన్న బుద్ధుడి తల, పాత కుర్చీలు: ఇండియాకు తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది గుంటూరు. చాలా ఏళ్లుగా హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పాత చైనా వస్తువులంటే నాకు పిచ్చి. హాలీవుడ్ రోడ్డులోని ఒక షాపులో విడతలవారీగా బౌద్ధుల కరుణా దేవత గ్వాన్‌యిన్ చెక్క విగ్రహం ఒకటి, ఒక రాతి బుద్ధుడి తల, జిటాన్ అనే ఖరీదైన కర్రతో చేసిన కుర్చీల జత, హువాంగ్‌హువాలీ అనే కర్రతో చేసిన బల్ల కొన్నాను. అన్నిటికీ బిల్లులున్నాయి. విగ్రహం మింగ్ రాజవంశ కాలం నాటిదనీ, 1980ల్లో మెయిన్‌లాండ్ చైనా నుంచి వచ్చిందనీ, తల అక్కడి షాన్‌షీ రాష్ట్రంలోని గుహల దగ్గరిదనీ షాపతను నోటిమాటగా చెప్పాడు. త్వరలో హైదరాబాద్ వచ్చేస్తున్నాం. 'పాత ఫర్నిచర్' అని రాసి కంటైనర్‌లో వేసేద్దామని ప్యాకర్ అంటున్నాడు. మా ఆవిడకు ఒకటే టెన్షన్. కస్టమ్స్‌లో ఇబ్బంది వస్తుందా? అవసరపడితే తర్వాత అమ్ముకోవచ్చా?

జవాబు: మీ ఆవిడ టెన్షన్ పడటంలో న్యాయం ఉంది. ముందు ఆ ప్యాకర్ సలహా పక్కన పెట్టేయండి. మన కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం లగేజీలో ఏముందో ప్రకటించాల్సింది మీరే, ప్యాకర్ కాదు. లక్షలు పెట్టి కొన్న శిల్పాన్ని పాత ఫర్నిచర్ అని రాస్తే 111వ సెక్షన్ కింద జప్తు, 112 కింద జరిమానా. ఆ తర్వాత మీరు ఎన్ని బిల్లులు చూపించినా, ముందు ఎందుకు దాచారన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

మీ వస్తువులన్నిటినీ ఒకే గాటన కట్టలేం. నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఆ రాతి తల. ఒకసారి దాన్ని తిప్పి వెనకవైపు, మెడ కింద చూడండి. విడిగా చెక్కిన శిల్పమైతే వెనక కూడా జుట్టు, చెవుల చెక్కడం పూర్తయి ఉంటుంది. వెనక చదునుగా, గరుకుగా ఉండి, మెడ దగ్గర రంపం గీతలో ఉలి దెబ్బలో కనిపిస్తే అది గుహ గోడ నుంచి కోసుకొచ్చినది కావచ్చు. షాన్‌షీలోని టియాన్‌లాంగ్‌షాన్ గుహల్లో 1920ల నుంచి జరిగిన దోపిడీలో పోయిన తలలు అమెరికా, జపాన్, యూరప్ దాకా చేరాయి. వాటిలో ఒకటి జపాన్‌లో వేలానికి వస్తే, ఆ అమ్మకం ఆగి 2020లో తల చైనాకు తిరిగి వెళ్లింది. కొత్తగా చెక్కిన నకలు కూడా కావచ్చు. నకలైతే డబ్బు పోయిందన్న బాధ ఒక్కటే. నిజమైనదైతేనే అసలు సమస్య.

ఎందుకంటే హాంకాంగ్ వస్తువుల విక్రయ చట్టంలో ఒక పాత రూలు ఇంకా బతికే ఉంది. షాపులో బహిరంగంగా, మామూలు వ్యాపారంలో అమ్మిన వస్తువును అమ్మినవాడి హక్కులో లోపం ఉందని తెలియకుండా, మంచి నమ్మకంతో కొన్నవాడికి పూర్తి హక్కు వస్తుంది, అది ఒకప్పుడు దొంగసొత్తే అయినా సరే. ఆ రక్షణ మీకూ ఉండేది. కానీ అది గుహల దగ్గరిదని షాపతను మీకు చెప్పాడు, అది విన్నాకే మీరు కొన్నారు. ఇక లోపం తెలియదన్న వాదన బలంగా నిలబడదు. మన 1930 నాటి వస్తువుల విక్రయ చట్టంలోనైతే ఇలాంటి షాపు మినహాయింపే లేదు. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదన్నదే ఇక్కడ మూలసూత్రం.

ఇలాంటి గొడవ ఎంత దూరం వెళ్తుందో ఒక కేసు చెబుతాను. చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం యాంగ్‌చున్ గ్రామ ఆలయం నుంచి 1995లో ఒక బౌద్ధ గురువు విగ్రహం చోరీ అయింది. లోపల ఆ సన్యాసి భౌతికకాయమే ఉన్న విగ్రహం అది. 2015లో బుడాపెస్ట్ ప్రదర్శనలో ఉన్న విగ్రహాన్ని చూసి అది తమదేనని గ్రామస్తులు చెప్పారు. అప్పటికి అది ఒక డచ్ కలెక్టర్ చేతిలో ఉంది. 2018లో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు గ్రామస్తుల కేసు కొట్టేసింది. 2020లో చైనా కోర్టు మాత్రం తిరిగి ఇచ్చేయమంది, 2022లో పై కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. ఆ గ్రామం వాళ్లకది అలంకారం కాదు, రోజూ దండం పెట్టుకున్న దైవం. మన ఊళ్ల గుళ్లలోంచి పంచలోహ విగ్రహాలు పోయినప్పుడు మనవాళ్లు పడే బాధే అదీను. అందుకే ఈ తల విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: తేవద్దు. ఇంకొకరికి చాటుగా అమ్మేసి చేతులు దులుపుకోవద్దు. అనుమానం తెలిసీ అమ్మితే మీ పరిస్థితి ఇంకా పాడవుతుంది.

ఇక గ్వాన్‌యిన్. చైనాలో 2007 వరకు ఎగుమతికి గీత 1795, అంటే చియన్‌లాంగ్ చక్రవర్తి పాలన ముగింపు. అంతకంటే పాతవాటిని దేశం దాటించడం నిషేధం. 2007లో ఆ గీతను 1911కు జరిపారు. 1949 లోపు వస్తువులకు ఇప్పటికీ పరీక్ష, అనుమతి కావాలి. మింగ్ వంశం 1644లోనే ముగిసింది. కాబట్టి షాపతని మాటలు రెండూ కలిపి చూడండి. విగ్రహం నిజంగా మింగ్ కాలం నాటిదైతే, 1980ల్లో అది చట్టప్రకారం బయటికి వచ్చే వీలే లేదు. సక్రమంగా వచ్చిందంటే అది మింగ్ నాటిది కాదు. అనుమతితో వచ్చిన పాత వస్తువుల అడుగునో లోపలి వైపో చిన్న ఎర్ర లక్క ముద్ర ఉంటుంది. ఉందేమో చూడండి. ముద్రలకూ నకళ్లు వస్తాయి కనుక దానితోపాటు ఎగుమతి పర్మిట్ కూడా అడగండి. ఒకవేళ 1949కి ముందే హాంకాంగ్ చేరిన కుటుంబ ఆస్తి అంటే, పాత ఫొటో, వేలం కేటలాగు, బీమా కాగితం ఏదో ఒకటి చూపించమనండి.

కుర్చీల దగ్గరికొస్తే మీరు గుంటూరు వారు కనుక ఒక మాట చెప్పాలి. చైనా చక్రవర్తుల సింహాసనాలకు వాడిన జిటాన్ అంటే సాధారణంగా మన శేషాచలం, నల్లమల అడవుల ఎర్రచందనమే. 1995 నుంచి అది సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జంతువుల, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. ఆంధ్రలో ఎర్రచందనం పేరు వినగానే ప్రశ్నలు మొదలవుతాయి. కాబట్టి ఆ కర్ర విదేశం నుంచి కుర్చీ రూపంలోనే వచ్చిందని చూపే కాగితం జీవితాంతం దగ్గర ఉంచుకోండి. ఇంకో చిక్కుంది. జిటాన్ పేరుతో మడగాస్కర్ రోజ్‌వుడ్ కూడా అమ్ముతారు. అది, మీ హువాంగ్‌హువాలీ బల్ల కర్ర రెండూ డాల్బెర్జియా జాతివే. ఆ జాతి దాదాపు మొత్తం 2017 జనవరి 2 నుంచి అదే అనుబంధంలో ఉంది. తయారైన వస్తువులకు ఒక షిప్‌మెంట్‌లో పది కిలోల కర్ర వరకే మినహాయింపు, బల్ల ఒక్కటే దాన్ని దాటేస్తుంది. అందుకే ముందు కర్ర ఏ జాతిదో పరీక్ష చేయించండి. ఆ రిపోర్టుతో హాంకాంగ్ వ్యవసాయ, మత్స్య, పరిరక్షణ శాఖను కలవండి. కర్ర జాబితాకెక్కక ముందే చేసినవని రుజువు చేస్తే ఒప్పందానికి ముందునాటివన్న సర్టిఫికెట్‌కు దారి ఉంది. కర్రలో పొదిగిన అలంకారాల్లో ఎక్కడైనా ఏనుగు దంతం ఉంటే మాత్రం ఆ వస్తువు జోలికి వెళ్లకండి.

అమ్మకం గురించి అడిగారు. మన పురావస్తువుల, కళాఖండాల చట్టం 1972 నాటిది, 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. నూరేళ్లు దాటిన శిల్పం, కళాకృతి దాని కింద పురావస్తువే. భారత్‌లో తయారై ఉండాలన్న షరతు ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు. అంటే మీ గ్వాన్‌యిన్ హైదరాబాద్ గడప తొక్కాక మళ్లీ దేశం దాటడం దాదాపు అసాధ్యం. మూడో సెక్షన్ ప్రకారం ఎగుమతి చేయగలిగేది కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ మాత్రమే. ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, జరిమానా. రేపు పిల్లలు విదేశాల్లో స్థిరపడి, అమ్మానాన్నల జ్ఞాపకంగా పంపమన్నా పంపలేరు. దేశంలోపల అమ్ముకోవచ్చు. శిల్పాలకు మాత్రం పురావస్తు శాఖ రిజిస్టరింగ్ ఆఫీసర్ దగ్గర నమోదు ఉండాలి, చేతులు మారితే ఆ సంగతి తెలియజేయాలి. వరుసగా కొంటూ అమ్ముతూ ఉంటే అది వ్యాపారం, దానికి లైసెన్సు కావాలి. పురావస్తువా కాదా అన్న వివాదం వస్తే పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ మాటే అంతిమం.

కనుక కాగితాలు కుదిరితే కుర్చీలు, బల్ల తెచ్చుకోండి, ప్రతి వస్తువునూ విడిగా, అసలు ధరతో, ఫొటోలతో ప్రకటించండి. గ్వాన్‌యిన్ సంగతి షాపతని జవాబును బట్టి తేల్చుకుందాం. హాంకాంగ్ వదలక ముందే అతనికి ఒక ఈమెయిల్ పంపండి. ప్రతి వస్తువు కాలం, అది మెయిన్‌లాండ్ దాటిన సంవత్సరం, ఎవరి చేతులు మారి వచ్చిందో రాతపూర్వకంగా ఇమ్మనండి, లేదంటే తల, విగ్రహం వెనక్కి తీసుకుని డబ్బు ఇమ్మనండి. వస్తువు గురించి తప్పుడు వర్ణన ఇవ్వడం అక్కడి ట్రేడ్ డిస్క్రిప్షన్స్ ఆర్డినెన్స్ కింద నేరం. ఆ సంగతి షాపతనికి మీకంటే బాగా తెలుసు. ఇవ్వనంటే అక్కడి సొలిసిటర్‌తో నోటీసు ఇప్పించండి. అక్కడ ఉండగా ఇది సులువైన పని, ఇక్కడికి వచ్చేశాక అతని మీద వ్యవహారం నడపడం కష్టం, ఖర్చు కూడా.