రీజెన్సీ బాల్ సీన్‌లో నవ్వు రావట్లేదా? ఇది చూడండి

మీ కథలోని రీజెన్సీ కాలపు (1800ల తొలినాళ్ల ఇంగ్లండ్) బాల్, అంటే డాన్స్ పార్టీ, సీన్‌లో నవ్వు రావట్లేదన్నారు కదా. ప్రాబ్లం డైలాగుల్లో లేదండీ, రూల్ ముందు చెప్పకపోవడంలో ఉంది. మీ హీరోయిన్ డాన్స్‌కి పిలిచిన విస్కౌంట్‌కి (బిరుదున్న ప్రభువు) నో చెప్పి వెంటనే హీరోతో డాన్స్ చేసేస్తోంది, కామెడీ అక్కడే చేజారిపోయింది, ఎందుకంటే అప్పటి ఇంగ్లండ్ బాల్‌రూమ్ మర్యాద ప్రకారం ఒకరికి కాదన్న అమ్మాయి ఇంకొకరితో ఆడకూడదు, కూర్చోవాల్సిందే.

1. రెండు పేజీల ముందే గుర్రపుబండిలో పిన్ని గ్లవ్స్ సర్దుకుంటూ మాటల్లో మాటగా ఈ రూల్ చెప్పాలి. చాలామంది వదిలేసేది ఇదే. రూల్ తెలీకపోతే ఆ పిల్ల ఇరుక్కుందని చదివేవాళ్ళకి తెలీదు, తెలీకపోతే నవ్వెలా వస్తుంది?

2. విస్కౌంట్ వస్తాడు, "కాలు బెణికిందండీ" అంటుంది. మరుక్షణం హీరో వచ్చి చెయ్యి చాపుతాడు. ఆమె కుర్చీలోనే, గౌను కింద ఆ బెణికిన కాలే తాళం వేస్తూ ఉంటుంది, పక్కనే విస్కౌంట్ నిమ్మరసం పట్టుకుని నిలబడి చూస్తుంటాడు.

3. ఆమె జోకులన్నీ తీసేయండి. ఆమెకది నిజమైన కష్టం, నవ్వాల్సింది మనం.

ఇంకోటి, మీ కథ 1811లో కదా, వాల్ట్జ్ (జంటగా పట్టుకుని తిరిగే డాన్స్) తీసేసి కంట్రీ డాన్స్ (జంటలు ఎదురెదురు వరసల్లో ఆడేది) పెట్టండి, అప్పటికి లండన్ బాల్స్‌లో దానిదే రాజ్యం.