‘వినత్రీకరణం’లో ‘వి’ ఏ అర్థంలో ఉన్నది?

సందేహం: చెరువు అడుగు మట్టిలోని బాక్టీరియా నైట్రేట్‌ను మళ్లీ నత్రజని వాయువుగా మార్చడాన్ని ఒక పాఠ్యపుస్తకం ‘వినత్రీకరణం’ అన్నది; ఒక వ్యాసంలో ‘నత్రజని హరణం’ అని చదివాను. ‘వి’ అంటే ‘విశేషంగా’ కదా, మొదటి మాట తప్పు కాదా?

సమాధానం: ‘వి’ విశేషాన్ని (విఖ్యాతం), ఎడబాటును (వియోగం), లేమిని (విమలం) కూడా చెబుతుంది. ఇక్కడ తేల్చుకోవలసింది ఉపసర్గ సంగతి కన్న దాని పక్కనున్న ‘నత్ర’ సంగతి.

ఇది సంస్కృత ధాతువు నుంచి పుట్టిన మాట కాదు. ఈజిప్టులో ఉప్పుసరస్సుల గట్ల మీద తెల్లగా పేరుకొనే సోడా ఉప్పును అక్కడి ప్రాచీనులు శవాలను ఎండగట్టి మమ్మీలుగా నిలపడానికి వాడేవారు. దానికి వారు పెట్టుకొన్న పేరే గ్రీకులో ‘నిత్రోన్’, అరబ్బీలో ‘నత్రూన్’ అయింది. వాదీ నత్రూన్ లోయ నేటికీ ఆ పేరుతోనే ఉన్నది. సోడియం సంకేతం ‘ఎన్‌ఏ’ కావడానికీ ఇదే మూలం. కాలక్రమాన ఆ పేరు మరొక ఉప్పుకు, అంటే మన పెట్లుప్పుకు, సురేకారానికి సంక్రమించింది. 1790లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షప్తాల్ ఆ ఉప్పును పుట్టించే మూలకమన్న అర్థంలో ‘నైట్రోజన్’ పేరు కట్టాడు. అందులోని ‘జెన్’, మన ‘జన్’ ధాతువు తోబుట్టువులు. తెలుగులో ‘జని’ అన్నవారు ఆ చుట్టరికాన్ని చక్కగా నిలబెట్టారు.

ఇక వరిమడిలోకి దిగుదాం. నీరు నిలిచిన మడిలో అడుసు పైపొర, కొద్ది మిల్లీమీటర్ల మేర, ఆక్సిజన్ సోకి గోధుమరంగులో ఉంటుంది; వేలితో గీస్తే కింద బూడిదరంగు బురద బయటపడుతుంది. పైపొరలోని బాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది నత్రీకరణం. ‘-ఈకరణం’లోని ‘ఈ’కారాన్ని తెచ్చే సంస్కృత చ్వి ప్రత్యయం కానిదాన్ని అయ్యేట్లు చేయడాన్ని చెబుతుంది గనుక, నత్రం (ఇక్కడ నైట్రేట్) కానిది నత్రమైనదని మాటలోనే ఉన్నది. ఆ నైట్రేట్ కింది పొరకు దిగినప్పుడు, ఆక్సిజన్ అందని వేరొక రకం బాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌తో శ్వాస నడుపుకొంటుంది. విడివడిన నత్రజని చాలావరకు వాయువై పైకి పోతుంది. నత్రం నత్రం కాకుండా పోయింది గనుక ఇది వినత్రీకరణం; ‘వి’ ఇక్కడ విశేషాన్ని కాదు, లేమిని చెబుతుంది.

అందుకే ‘నత్రజని హరణం’ నాకు రుచించదు. బాక్టీరియా హరించినది ఆక్సిజన్‌ను, నత్రజనిని విడిచిపెట్టింది. ‘నత్రజని నశించింది’ అని రాసేవారు మరీ తొందరపడుతున్నారు.  

వినత్రీకరణం సాధువే అనుకొంటాను. తొలగింపును చెప్పే ‘అప’ చేర్చి ‘అపనత్రీకరణం’ అని ఉంటే మీ సందేహానికి తావుండేది కాదేమో గాని, స్థిరపడిన మాటను కదపడానికి ఆ కారణం చాలదు. రైతుతో మాట్లాడేటప్పుడు మాత్రం ఈ రెండింటినీ పక్కన పెట్టి, ‘మీరు వేసిన యూరియాలో కొంత గాలిపాలవుతున్నది’ అనండి.