రెండున్నర టన్నులా, ఐదు టన్నులా: సొంతానికి పాత ఆర్మీ ట్రక్కు కొనాలనుకునేవారికి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: అమెరికాలో ఊరి బయట 15 ఎకరాలు కొన్నారు. నీళ్ళు, కట్టెలు, కంకర తోలుకోవడానికి, అప్పుడప్పుడు ఓ వంద మైళ్ళు వెళ్ళి సామాను తెచ్చుకోవడానికి వేలంలో ఆర్మీ ట్రక్కు చూస్తున్నారు. రెండున్నర టన్నుల ఎం35ఏ2 తీసుకోవాలో, ఐదు టన్నుల ఎం923 తీసుకోవాలో తేలడం లేదు. రేటులో పెద్ద తేడా లేనప్పుడు పెద్దదే కొనేస్తే పోలా అని కూడా అడిగారు.

నా దగ్గర ఎం35ఏ2 చాలా ఏళ్ళుగా ఉంది. పక్క స్థలం ఆయనకి ఎం923ఏ2 ఉంది (ఎం923 తర్వాత వచ్చిన రకాలే ఏ1, ఏ2), అవసరం పడితే దాన్నీ నేనే నడుపుతుంటాను. మా బావమరిది ఎల్‌ఎంటీవీ అనే ఇంకో రకం ఆర్మీ ట్రక్కు కొన్నాడు, దాని రిపేర్లలో సగం మా షెడ్డులోనే జరిగాయి. ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకుని చెప్తున్నాను.

మీ పనికి ఐదు టన్నులది అక్కర్లేదు. రెండున్నర టన్నులది చాలు. అయితే అందులో ఏ బండి అన్నది మీరు రోడ్డు మీద ఎంత తిరుగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. మీరు అడగనిది అదే, కానీ ముందు తేల్చుకోవాల్సింది కూడా అదే.

ముందు లోడు లెక్క చూద్దాం. ఈ రెండున్నర, ఐదు అనే అంకెలు బండి బరువు కాదు, రోడ్డు లేని నేల మీద అది మోయగల లోడు. ఎం35ఏ2 చేలో 5,000 పౌండ్లు, మంచి రోడ్డు మీద 10,000 పౌండ్లు మోస్తుంది. ఖాళీ బండే 13,000 పౌండ్ల దగ్గర ఉంటుంది. ఎం923 ఖాళీగానే 21,000 పౌండ్ల పైమాట. ఇప్పుడు మీ సామాను తూకం వేయండి. గాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు, అంటే 500 గాలన్లకి 4,200 పౌండ్లు కూడా లేవు. ఎం35 చేలో హాయిగా మోస్తుంది. కంకర క్యూబిక్ గజం సుమారు 2,700 పౌండ్లు, రోడ్డు మీదైతే మూడు గజాలు వేసుకోవచ్చు. పచ్చి ఓక్ కట్టెలు ఒక కార్డ్ (అమెరికాలో కట్టెల పేర్పుకి వాడే కొలత) 5,000 పౌండ్లు దాటొచ్చు, వాటిని మాత్రం చేలోంచి రెండు విడతల్లో తెచ్చుకోండి. వారానికోసారి వెయ్యి గాలన్ల నీళ్ళు, ఎక్స్‌కవేటర్ లాంటివి తోలేవాళ్ళకి ఐదు టన్నుల బండి కావాలి. మీ జాబితాలో అలాంటిదేమీ నాకు కనపడలేదు.

నీళ్ళ ట్యాంకు గురించి ఒక మాట. లోపల అడ్డు పలకలు లేని ట్యాంకుని సగం నింపి తోలకండి. బ్రేకు వేయగానే నీళ్ళన్నీ ఒక్కసారిగా ముందుకి వచ్చి బండిని తోస్తాయి. నింపితే పూర్తిగా నింపండి, లేదా ఖాళీగా తిప్పండి.

"పెద్దది ఉంటే నష్టమేముంది" అనే మాట దగ్గరికి వద్దాం. నష్టం ఉంది, కాకపోతే కొన్నరోజు కనపడదు. 21,000 పౌండ్ల ఖాళీ బండి తడి బంకమట్టిలో దిగబడితే మీ ట్రాక్టరు దాన్ని కదిలించలేదు. ఇంకో ఐదు టన్నుల బండో, హెవీ టో ట్రక్కో రావాలి. టో ట్రక్కు వాళ్ళ బిల్లు వందల డాలర్ల దగ్గర మొదలవుతుంది. మీ దారిలో తూము ఉందా? సెప్టిక్ ట్యాంకు, దాని పైపులు ఎటు పోతున్నాయో తెలుసా? పక్కాయన బండి మా గేటు లోపలికి వచ్చే ముందు నేను వెళ్ళి ఎదురుగా నిలబడి దారి చూపించాల్సిందే, ఎందుకంటే మా సెప్టిక్ పైపులు ఆ దారి పక్కనే ఉన్నాయి. ఎం35కి ఆ గొడవ లేదని కాదు గానీ, ఎనిమిది వేల పౌండ్ల తేడా నేలకి బాగా తెలుస్తుంది.

టైర్లూ అంతే. ఎం923ఏ1, ఏ2 ల మీద ఉండే 14.00ఆర్20 టైరు నాలుగడుగుల ఎత్తు ఉంటుంది. రిమ్ముతో కలిపి దాన్ని ఒక్క మనిషి ఎత్తడం జరగని పని. ఎం35కి 9.00-20 టైర్లు, వెనక జంటలతో కలిపి పది. సంఖ్య ఎక్కువే కానీ ఒక్కోటి నేనొక్కణ్ణీ మార్చుకోగలను. రెండు హెచ్చరికలు: లాక్ రింగు (టైరుని రిమ్ము మీద పట్టి ఉంచే విడి ఇనుప రింగు) ఉన్న చక్రాన్ని ఇనుప బోనులో పెట్టకుండా గాలి కొట్టకండి, రింగు ఎగిరితే ప్రాణం తీస్తుంది. ఎం35 ఎడమ వైపు చక్రాల నట్లకి ఎదురు మర ఉంటుంది. తెలియక బలమంతా పెట్టి స్టడ్డు విరగ్గొట్టేవాళ్ళు చాలామంది.

ఇక లైసెన్సు. చాలామంది డబ్బు కట్టాక దీని గురించి వెతుకుతారు. అమెరికాలో అసలు గీత 26,001 పౌండ్ల దగ్గర ఉంది, అదీ లోడుతో కలిపి బండికి అనుమతించిన బరువు మీద. ఎం35ఏ2, ఎల్‌ఎంటీవీ రెండూ ఆ గీత కిందే ఉంటాయి. ఎం923 దాటేస్తుంది. సొంతానికి, వ్యాపారం కాకుండా నడిపితే కేంద్ర చట్టం ప్రకారం కమర్షియల్ లైసెన్సు అడగరు, కానీ రాష్ట్రాలకి వాటి రూల్స్ వాటికున్నాయి. కొన్ని రాష్ట్రాల్లో ఇంత బరువు బండికి వ్యాపారం కాకపోయినా క్లాస్ బీ, అంటే భారీ బండ్ల లైసెన్సు ఉండాలి. టెక్సాస్ అలాంటిదే. మీ రాష్ట్రం డ్రైవర్ హ్యాండ్‌బుక్‌లో ఈ ఒక్క పేజీ చదివి, ఆ తర్వాతే వేలం పాడండి.

ఇంతవరకు చదివి ఎం35ఏ2 కొనేయమంటున్నానని అనుకోకండి. ఇక్కడో తిరకాసు ఉంది: ఈ రెండింట్లో చిన్నదాన్ని నడపడమే కష్టం.

ఎం35 పాత డిజైను, 1950 ప్రాంతంలో రియో కంపెనీ నుంచి వచ్చింది. ఏ2 రకంలో మల్టీఫ్యూయల్ ఇంజను ఉంటుంది: ఆరు సిలిండర్లు, 7.8 లీటర్లు, 130, 140 హార్స్‌పవర్ మధ్య. డీజిలు, విమాన ఇంధనం, కిరోసిన్ లాంటివన్నీ తాగుతుంది. టర్బో వేసే ఈల చాలా దూరం వినపడుతుంది. పవర్ స్టీరింగ్ లేదు. నిలబడిన చోట చక్రం తిప్పాలంటే భుజాలు పట్టేస్తాయి, కొంచెం కదలనిచ్చి తిప్పడం అలవాటు చేసుకోవాలి. అయిదు గేర్లూ చేత్తో మార్చాలి. పుస్తకంలో గరిష్ట వేగం 56 మైళ్ళు అని ఉంటుంది, ఎక్కువసేపు నడపడానికి బాగుండేది మాత్రం 45, 50 మధ్యే. హైవే మీద వెనక కార్లు వరసకట్టి హారన్లు కొడుతుంటే టెన్షన్ తప్పదు. మీ వంద మైళ్ళకి రెండున్నర గంటలు వేసుకోండి.

అసలు భయపడాల్సింది బ్రేకుల గురించి. ఎం35ఏ2 ది గాలి సాయంతో పనిచేసే ఆయిల్ బ్రేకు, దానికి ఒక్కటే లైను. ఒక్క చక్రం దగ్గర హోసు పగిలినా, వీల్ సిలిండర్ కారినా, ఆరు చక్రాలకీ ఫుట్ బ్రేకు పోయినట్టే. మిగిలేది డ్రైవ్ షాఫ్ట్ మీద పనిచేసే హ్యాండ్ బ్రేకు ఒక్కటే. ఇది లోపం ఉన్న బండి సంగతి కాదు, డిజైనే అంత. కాబట్టి కొన్నవెంటనే రబ్బరు హోసులన్నీ, మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు కొత్తవి వేయించండి. ఆర్మీ 1980ల్లో సిలికాన్ బ్రేకు ఆయిలుకి మారింది, అందులో మామూలు బ్రేకు ఆయిలు కలపకూడదు. రెండు లైన్లుగా మార్చే కిట్లు దొరుకుతాయి, నా బండికి ఒకటి వేయించాను. ఈ బండిని రోడ్డెక్కించే ప్రతివాళ్ళూ ఆ ఖర్చు పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఎం923లో ఇవేవీ లేవు. పవర్ స్టీరింగ్ ఉంది, ఆలిసన్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంది. పూర్తిగా గాలితో నడిచే బ్రేకులు కాబట్టి గాలి పోతే స్ప్రింగులు బిగుసుకుని బండి ఆగుతుంది, పరుగెత్తదు. ఇంజను 240 హార్స్‌పవర్. పాతదానిలో, ఏ1 లో 14 లీటర్ల కమిన్స్, ఏ2 లో 8.3 లీటర్ల టర్బో కమిన్స్. మొదటిసారి నడిపేవాళ్ళెవరైనా, ఎం35 దిగి ఇందులోకి ఎక్కితే హమ్మయ్య అనుకుంటారు. అందుకే పెద్దదే మంచిదని చాలామంది చెప్తారు, ఆ మాటలో నిజం లేకపోలేదు.

కానీ ఎం923, దాని ఏ1, ఏ2 రకాలు చేరే ఈ 939 సిరీస్‌కి ఇంకో చరిత్ర ఉంది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి అడ్డం తిరగడం, బోల్తా పడటం ఎక్కువగా జరిగింది. ఆర్మీ కొంతకాలం వాటి వేగాన్ని 40 మైళ్ళకి కట్టేసింది, తర్వాత యాంటీ లాక్ బ్రేకు కిట్లు అమర్చింది. మీరు చూసే బండికి ఆ కిట్ పడిందో లేదో కచ్చితంగా అడగండి. మైలేజీ కూడా గాలన్‌కి అయిదు, ఆరు మైళ్ళ దగ్గరే ఉంటుంది. నా ఎం35 తొమ్మిది దాకా ఇస్తుంది.

ఇప్పుడు మూడోది, మీ ప్రశ్నలో లేనిది: ఎల్‌ఎంటీవీ, అంటే ఎం1078. ఇది కూడా రెండున్నర టన్నులదే. ఆస్ట్రియా వారి స్టయర్ ట్రక్కు ఆధారంగా స్టీవార్ట్ అండ్ స్టీవెన్సన్ కంపెనీ టెక్సాస్‌లోని సీలీలో తయారు చేసింది. నాలుగే చక్రాలు, క్యాబిన్ ఇంజను మీద ఉంటుంది, కాబట్టి పొడవు ఎం35 కన్నా తక్కువ, తిప్పడం తేలిక. క్యాటర్‌పిల్లర్ ఇంజను, మొదటి రకంలో 225 హార్స్‌పవర్, ఏ1 లో 275. ఏడు గేర్ల ఆటోమేటిక్, పవర్ స్టీరింగ్, ఎయిర్ బ్రేకులు, క్యాబిన్‌లో కూర్చునే ఉండి టైర్లలో గాలి పెంచి తగ్గించే ఏర్పాటు అన్నీ ఉన్నాయి. బరువు 26,001 కిందే.

మరి అందరూ ఇదే ఎందుకు కొనరు? రేటు ఒకటి. రెండోది వైర్లు, సెన్సార్లు. గేర్‌బాక్సుకి కంప్యూటర్ ఉంటుంది, గాలి పైపుల వల క్యాబిన్ కింద అల్లిబిల్లిగా ఉంటుంది. మా బావమరిది బండిలో ఎక్కడో గాలి కారుతుంటే సబ్బునీళ్ళ సీసా పట్టుకుని మేమిద్దరం ఆదివారమంతా దాని కింద పాకాం. ఎం35 లో ఏది పాడైందో చూస్తే కనపడుతుంది, ఇందులో వెతకాలి. ఇక దీని వేగం 58 మైళ్ళ దగ్గర కట్టేసి ఉంటుంది, దాన్ని దాటాలంటే చక్రాల దగ్గరుండే హబ్ గేర్లు మార్చుకోవాలి. అయినా నెలకి నాలుగైదుసార్లు రోడ్డెక్కేవాళ్ళకి, ఇంట్లో ఇంకొకరు కూడా నడపాల్సినవాళ్ళకి నా ఓటు దీనికే. బండి ఎక్కువగా స్థలంలోనే ఉండి, స్పానరు పట్టుకోవడం మీకు సరదా అయితే ఎం35ఏ2. మీ తూకం లెక్క మళ్ళీ వేసి 5,000 పౌండ్లు తరచూ దాటుతోందని తేలితే అప్పుడు ఐదు టన్నులది, అందులోనూ ఏ2.

ఆర్మీ వాడే హమ్వీ అనే చిన్న బండి కొనమని కూడా కొందరు సలహా ఇస్తారు. దాని వెడల్పు ఏడడుగులు, మోసేది చూస్తే పెద్ద పికప్పు అంత. లోడు కోసం కొనే బండి కాదది. అంత తక్కువ లోడైతే 1980ల నాటి షెవ్రొలే ఎం1008 పికప్పు నయం, దాని విడిభాగాలు చాలావరకు మామూలు ఆటో షాపుల్లో దొరుకుతాయి.

కాగితాలు: వేలంలో కొంటే టైటిల్ (బండి మీదేనని చెప్పే పత్రం) కోసం ఎస్‌ఎఫ్-97 ఫారం వస్తుంది. దాని మీద రోడ్డు మీద తిప్పకూడదని రాసి ఉంటే రిజిస్ట్రేషన్ దగ్గర ఇబ్బంది పడతారు. పాతకాలపు వాహనం కింద రిజిస్టర్ చేయిస్తే ఫీజు తక్కువే, కానీ చాలా రాష్ట్రాల్లో ఆ ప్లేటుతో లోడు తోలకూడదు. ఇన్సూరెన్స్ కూడా మామూలు కంపెనీలు చాలావరకు ఇవ్వవు, పాత బండ్లకి ఇచ్చేవాళ్ళని వెతకాలి, వాళ్ళూ వాడకం మీద ఆంక్షలు పెడతారు.

ఇంకొకటి మర్చిపోయాను. ఈ మూడు బండ్లకీ తాళంచెవి ఉండదు, స్విచ్‌లతోనే స్టార్ట్ అవుతాయి. స్టీరింగుకి గొలుసు, తాళం మీరే చూసుకోవాలి. బ్యాటరీలు 24 వోల్టులకి జతగా ఉంటాయి. ఫోన్ ఛార్జరు కోసం వాటిలో ఒక్కదాన్నుంచే 12 వోల్టులు లాగితే రెండూ త్వరగా చస్తాయి, కన్వర్టర్ పెట్టుకోండి.

మీరు చూస్తున్న బండి డేటా ప్లేటు డాష్‌బోర్డు దగ్గర ఉంటుంది. దాని ఫొటో, కింద నుంచి తీసిన బ్రేకు లైన్ల ఫొటోలు పెట్టండి, చూసి చెప్తాను.