ఊళ్ల పేర్లు తీసేసి పాడు

చిరంజీవి తమ్ముడికి,

ఊళ్లు తిరిగొచ్చి, ఆ ప్రయాణం మీద గిటార్‌తో పాడి ఆల్బమ్ కోసం నువ్వు పంపిన పది పాటలూ తీరిగ్గా విన్నాను. గొంతు బాగుంది. ఆ విషయం ఇంతకంటే పొడిగించను, పొగిడితే చెడిపోయే వయసు నీది.

నా పేచీ ఊళ్ల పేర్లతో. పల్లవిలో ఒక ఊరు, చరణానికో ఊరు! యాత్ర చేసి వచ్చినవాడు బంధువులను కూర్చోబెట్టి ఫోటోలు చూపిస్తున్నట్టుంది. బంధువులైతే మొహమాటానికి చూస్తారు. శ్రోతకు ఆ మొహమాటం ఉండదు, తర్వాతి పాటకు వెళ్లిపోతాడు.

నాలుగో పాటనే తీసుకో. 'దారులన్నీ నన్ను పిలిచాయి' అని ఎత్తుకున్నావు. దారులు ఎవరినైనా పిలుస్తాయి. రెండో చరణంలో మాత్రం నిద్రపోతున్నవాళ్లు లేస్తారేమోనని చెప్పులు చేతపట్టుకుని ప్లాట్‌ఫారం దాటే ముసలాయన ఉన్నాడు. ఆయన్ని నువ్వు చూశావు కాబట్టే రాయగలిగావు. పాటను ఆయనతోనే మొదలుపెట్టు. ఆయన ఒంటరితనం గురించి తర్వాత రాసిన రెండు పాదాలూ కొట్టేయి. చెప్పులు చెప్పాక నువ్వు చెప్పేదేముంది?

ఇంకో మాట. నీ ప్రయాణమంతా సాహిత్యంలోనే ఉంది, గిటార్ మీటే వేళ్లలోకి రాలేదు. పది పాటలకూ అదే శ్రుతి, కలిపి మీటే అవే మూడు నాలుగు స్వరగుచ్ఛాలు, అవే కార్డ్‌లు. ఇల్లు కదలకుండా కూడా ఆ బాణీలు కట్టవచ్చు. డేవీ గ్రాహం అనే బ్రిటిష్ గిటారిస్టు 1960ల మొదట్లో మొరాకో వెళ్లి, అక్కడ ఊద్ అనే తీగవాద్యం వాయించేవాళ్లతో కలిసి వాయించాలని గిటార్ శ్రుతే మార్చుకున్నాడు. ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ రెండేసి ఫ్రెట్ల మేర, అంటే గిటార్ మెడ మీది రెండేసి మెట్ల మేర, దించితే వచ్చే డి-ఎ-డి-జి-ఎ-డి శ్రుతి అదే. తీగలన్నీ ఒక్కసారి మీటి చూడు, సంతోషంగా వినిపించే మేజరూ కాదు, దిగులుగా వినిపించే మైనరూ కాదు. సంతోషమో దిగులో తేలని నీ ఏడో పాటకు అది చక్కగా అమరుతుంది. జోనీ మిచెల్ అనే కెనడా గాయని 1970లో యూరప్ తిరుగుతూ క్రీట్ దీవిలో ఉన్నప్పుడు ఆమె వెంట ఉన్న వాద్యం డల్సిమర్. ఒళ్లో పెట్టుకుని వాయించే చిన్న వాద్యం అది. మరుసటి ఏడాది వచ్చిన 'బ్లూ' ఆల్బమ్‌లో నాలుగు పాటలు దాని మీదే నడుస్తాయి. ఆ ప్రయాణం పదాల్లోనే కాదు, తీగల మోతలోనూ వినిపిస్తుంది. నువ్వు వెళ్లిన చోట ఎవరు ఏం వాయిస్తుంటే నిలబడిపోయావో గుర్తు చేసుకో. దాన్ని అనుకరించమని కాదు, నీ కుడిచేతి నడక దానివల్ల కాస్తయినా మారిందా అని అడుగుతున్నాను.

రికార్డింగ్ గురించి ఎక్కువ చెప్పను. మైకు సరిగ్గా గిటార్ రంధ్రానికి ఎదురుగా పెట్టినట్టున్నావు, మంద్రం గుమ్మని మోగి నీ మాటలను మింగేస్తోంది. అడుగు దూరంలో ఉంచి పన్నెండో ఫ్రెట్ వైపు తిప్పు. పాటల మధ్య అతికించిన రైలు కూతలు, అలల చప్పుడు తీసేయి, అవి అలంకారాలు. తొమ్మిదో పాటలో నువ్వు పాడుతుండగా కిటికీలోంచి చొరబడిన వాన మాత్రం ఉండనీ. దాన్ని నువ్వు పిలవలేదు.

పాటలను తిరిగిన వరుసలోనే పేర్చాలన్న పట్టుదల ఎందుకు? వినేవాడి దగ్గర నీ టికెట్లు లేవు. వరసగా రెండు నెమ్మది పాటలు పడకుండా చూసుకో, చాలు. ఆరో పాట నాకు నచ్చలేదు. ఎందుకో చెప్పాలంటే ఇంకో ఉత్తరం కావాలి. తొమ్మిదింటితో ఆల్బమ్‌కేం లోటు రాదు.

ముందు నాలుగో పాట ఒక్కటే, ముసలాయనతో మొదలుపెట్టి, మళ్లీ పాడి పంపు. మిగతావాటి సంగతి అది విన్నాక చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్న