ఎండోమెట్రియోసిస్ పరిశోధనకు ఏ దారి?

ప్రశ్న: బీఎస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా అక్కకు ఎండోమెట్రియోసిస్ ఉంది. ఇది ఈస్ట్రోజన్ వల్ల పెరిగే జబ్బు అంటారు గానీ, ఆమె రక్తపరీక్షలో ఈస్ట్రోజన్ మామూలుగానే ఉంది. ఈ విషయంపై పరిశోధన చేయాలంటే ఏం చదవాలి? – ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ సందేహం సరైనదే. ఈ జబ్బులో గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరుగుతుంది. అక్కడ ఆరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజన్‌ను అక్కడికక్కడే తయారుచేస్తుందని, ఈస్ట్రోజన్ రూపాల్లో శక్తిమంతమైన ఎస్ట్రడయోల్‌ను బలహీనమైన ఎస్ట్రోన్‌గా మార్చే మరో ఎంజైము ప్రొజెస్టిరాన్‌కు సరిగా స్పందించని ఆ కణాలలో తగ్గిపోతుందని చికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన సెర్దార్ బులున్ బృందం చూపింది. అలా పోగుపడిన ఈస్ట్రోజన్, వాపుకూ నొప్పికీ కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే రసాయనం ఉత్పత్తిని పెంచుతుంది, అది తిరిగి ఆరోమటేజ్‌నే ప్రేరేపిస్తుంది. రక్తపరీక్షలో ఇదంతా కనబడకపోవచ్చు. అయితే ఆరోమటేజ్ విషయంలో అన్ని ప్రయోగశాలల ఫలితాలూ ఏకీభవించలేదు. కణజాలంలో అతి స్వల్పంగా ఉండే హార్మోన్లను, ఎంజైములను నమ్మకంగా కొలవడమే ఇక్కడి అసలు చిక్కు.

అందుకే జబ్బు పేరు చూసి కోర్సు వెతకవద్దని నా సలహా. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ గానీ బయోటెక్నాలజీ గానీ చాలు. ఐఐటీలకు జామ్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ, కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం తోడ్పాటుతో నడిచే కోర్సులకు గ్యాట్-బి అనే ప్రవేశపరీక్షలు రాయాలి. కోర్సు పేరులో ‘మాలిక్యులర్’ అన్న మాట ఉన్నంత మాత్రాన అది గొప్పదైపోదు. అతి స్వల్ప పదార్థాలను అణువుల బరువును బట్టి కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ, కణజాలం నుంచి నేరుగా తీసిన కణాలను పెంచే ప్రాథమిక కణాల కల్చర్ మీ చేతులతో చేయనిచ్చే చోటు చూసుకోండి. ఈ నైపుణ్యం వృథా పోదు. మెనోపాజ్ తర్వాత కొవ్వు కణజాలంలో తయారయ్యే ఈస్ట్రోజన్‌కూ గర్భాశయ లోపలి పొర క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని పరిశోధించేవారికీ, ఔషధ కంపెనీలకూ ఇదే కావాలి.

పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ ద్వారా జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే 2023 జనవరి నుంచి అమలైన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన సీనియర్ స్థాయిలో ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000 రూపాయలు వస్తాయి. మహిళల పునరుత్పత్తి ఆరోగ్యంపై పనిచేసే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థ ముంబయిలోని పరేల్‌లో ఉంది. దాన్ని తప్పక పరిశీలించండి. ఎక్కడ చేరినా ముందుగా గైడును ఒకటి అడగండి: శస్త్రచికిత్సలో తీసిన కణజాలం నైతిక కమిటీ అనుమతితో ఏ ఆసుపత్రి నుంచి వస్తోంది? దానికి స్పష్టమైన జవాబు లేకపోతే ఆ ప్రయోగశాలలో ఈ అంశంపై థీసిస్ సాగడం కష్టం.