పాత మస్టాంగ్: కొత్త రంగు కింద ఏముంది?

ప్రశ్న: 1967 ఫోర్డ్ మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్ (పైకప్పు వెనక్కి ఏటవాలుగా దిగే బాడీ) ఒకటి అమ్మకానికి వచ్చింది. ఎర్ర రంగు అద్దంలా మెరుస్తోంది. ‘జీటీ 390, ఫ్యాక్టరీ ఇంజనే’ అంటున్నారు. విన్ (బండి గుర్తింపు నంబరు) 7ఆర్02సితో మొదలవుతోంది. అడ్వాన్సు ఇవ్వవచ్చా? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: జీటీ 390 ధర అడుగుతుంటే ఇవ్వకండి. వాళ్ల మాట అబద్ధమని ఆ నంబరే చెబుతోంది. 7 అంటే 1967 మోడల్. ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్‌హోసే ఫ్యాక్టరీ. 02 ఫాస్ట్‌బ్యాక్ బాడీ. ఐదోది ఇంజను అక్షరం: సి అంటే 289 క్యూబిక్ అంగుళాల వి8, రెండు బ్యారెళ్ల కార్బురేటర్, 200 హార్స్‌పవర్. ఆ ఏడాది 320 హార్స్‌పవర్ 390 ఇంజనుతో వచ్చిన బండికి ఆ చోట ఎస్ ఉండాలి. ఇప్పుడు బానెట్ కింద నిజంగానే 390 ఉన్నా, అది తర్వాతెప్పుడో ఎవరో ఎక్కించినదే. నడపడానికి ఏ లోటూ ఉండదు, కానీ ఎస్ కోడ్ బండి ధర దీనికి పెట్టకూడదు.

జీటీ (స్పోర్ట్స్ ఆప్షన్ల ప్యాకేజీ) అవునో కాదో విన్‌లో తేలదు. 1967 నుంచి ఫోర్డ్ తయారీ రికార్డులు మార్టీ ఆటో వర్క్స్ అనే సంస్థ దగ్గర ఉన్నాయి. విన్ ఇచ్చి ఫీజు కడితే ఆ బండి ఏ రంగులో, ఏ ఆప్షన్లతో బయటికి వచ్చిందో రిపోర్టు ఇస్తారు. బేరం మొదలుపెట్టకముందే తెప్పించుకోండి.

ఇంతకీ ఆ నంబరు ఎక్కడ చూశారు? డ్రైవరు తలుపు మీది ప్లేటు రెండు రివెట్ల పని, తలుపుతో పాటే మారిపోతుంది. బానెట్ ఎత్తి, డ్రైవరు వైపు ఫెండర్ లోపలి రేకు మీద కొట్టిన అంకెలు చదవండి. అవీ, ప్లేటూ, టైటిల్ కాగితమూ (యాజమాన్య పత్రం) మూడూ కలవాలి. అంకెల చుట్టూ గ్రైండింగ్ గీతలో వెల్డింగో కనిపిస్తే అక్కడితో ఆపేయండి. బాడీ ఫాస్ట్‌బ్యాక్ అయి, నంబరులో 01 ఉంటే అది కూపేని కోసి అతికించిన బండి.

మీరు అడగలేదు గానీ అసలు భయం తుప్పుతోనే. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర గాలి జాలీ ఉంటుంది. దాని కింద రెండు రేకుల మధ్య కాల్వలాంటి ఖాళీ, అందులో గాలి లోపలికి వెళ్లే రంధ్రాల చుట్టూ పైకి లేచిన అంచులు ఉంటాయి. ఆకులు పేరుకుని తడి నిలిస్తే ముందు ఆ అంచులే తినేసుకుపోతాయి. పైనుంచి ఎంత చూసినా కనబడదు. కార్పెట్ ముందు అంచు ఎత్తి, ఒక మనిషిని టార్చితో డాష్‌బోర్డు కింద పడుకోబెట్టండి. మీరు జాలీలో కుడివైపు ఒక చెంబు, ఎడమవైపు ఒక చెంబు నీళ్లు మెల్లగా పోయండి. ముందు చక్రాల వెనక నేల మీదికి కారితే మంచిదే. లోపలి మనిషి ముఖాన చుక్క పడితే మాత్రం పెద్ద పనే ఉందని లెక్క: అద్దం, ఫెండర్లు విప్పి, స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ డ్రిల్ చేసి, పై రేకు లేపి, కొత్తది అతకాలి. రేకు చవకే, కూలి తడిసి మోపెడవుతుంది. నీళ్లు పోయనివ్వని అమ్మకందారు దగ్గర కొనవద్దనే నా సలహా.

తర్వాత మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతంతో వెనక చక్రాల చుట్టూ, తలుపుల అడుగున తడమండి. పట్టు జారిన చోట పుట్టీ ఉంది. పెయింటు మందం చూసే గేజి ఉంటే ఇంకా మేలు: ఫ్యాక్టరీ రంగు సుమారు 100–150 మైక్రాన్లు ఉంటుంది, వెయ్యి దాటిందంటే అక్కడ పుట్టీయే. బండిని లిఫ్టు ఎక్కించి ఫ్రేమ్ రెయిళ్లు, వాటిని బాడీకి కలిపే టార్క్ బాక్సులు, ముందు షాక్ అబ్సార్బర్లు బిగించే టవర్ల పగుళ్లు చూడండి. డిక్కీలో చాప తీసి చూడండి, ఈ బండికి పెట్రోలు ట్యాంకు పై రేకే డిక్కీ నేల. అడుగంతా కొత్తగా నల్ల కోటింగు కొట్టి ఉంటే దేన్ని దాచారో అని అనుమానించాల్సిందే.

ప్రశ్న: 1970 షెవ్రొలే షెవెల్ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) అంటున్నారు, కాగితాలు పోయాయట. ఎలా తేల్చుకోవాలి? – న్యూజెర్సీ

జవాబు: 1966–68 ఎస్ఎస్ 396 బండ్లకు విన్ 138తో మొదలయ్యేది. 1969 నుంచి ఎస్ఎస్ ఒక ఆప్షన్ మాత్రమే. 1970 బండి విన్ 136 అంటే వి8 మాలిబు అని తెలుస్తుంది, ఎస్ఎస్ అని కాదు. పోంటియాక్ బండ్లకు పీహెచ్ఎస్ అనే సంస్థ దగ్గర ఫ్యాక్టరీ రికార్డులున్నట్టు అమెరికాలో అమ్మిన షెవ్రొలేకు లేవు. అందుకే బిల్డ్ షీట్‌కు (బండిలో ఏమేం బిగించాలో రాసిన ఫ్యాక్టరీ కాగితం) అంత విలువ. ట్యాంకు దించి దాని పైన చూడండి, సీటు స్ప్రింగుల్లోనూ వెతకండి. దొరకకపోతే ఇంజను చూడండి. ప్యాసింజరు వైపు సిలిండర్ హెడ్ ముందున్న చదును మీద కొట్టిన అంకెలు బండి విన్‌తో కలవాలి. ఆ చదును మీద ఫ్యాక్టరీలో చదును చేసిన బ్రోచింగ్ గీతలు ముందు నుంచి వెనక్కి తిన్నగా ఉంటాయి. గుండ్రటి యంత్రపు గీతలు గానీ, అద్దంలాంటి నునుపు గానీ ఉంటే చెరిపి మళ్లీ కొట్టారేమోనని అనుమానించండి. 12 బోల్టుల యాక్సిల్, గుండ్రటి గేజీల డాష్ వంటివి సాక్ష్యాలే కానీ రుజువులు కావు, అన్నీ బజారులో దొరుకుతాయి. రుజువు లేకపోతే మాలిబు ధరే ఇవ్వండి.

ప్రశ్న: ఇంజను బాగుందని అరగంటలో తెలుసుకోవచ్చా? – హ్యూస్టన్

జవాబు: చాలావరకు. మీరు వెళ్లేదాకా స్టార్టు చేయవద్దని ముందే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాచారు. స్టార్టు కాగానే నీలం పొగ క్షణం వచ్చి పోతే వాల్వు సీళ్లు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే రింగులు. వేడెక్కాకా తెల్ల ఆవిరి ఆగకపోతే హెడ్ గాస్కెట్. తర్వాత ప్లగ్గులన్నీ విప్పి, కాయిల్ తీగ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ కొలవండి. అంకె ఎంతన్నది అటుంచి, సిలిండర్ల మధ్య తేడా పదిహేను శాతం దాటకూడదు. టైర్ల మీద డాట్ (DOT) కోడ్ చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 0912 అంటే 2012లో తొమ్మిదో వారం. గాడులు ఎంత లోతున్నా సరే, అలాంటి పాత టైర్లతో హైవే ఎక్కవద్దు.