వసంతకాలపు ప్రకృతి ఉత్సవాన్ని ఒక్క రోజు హడావుడిగా ముగిసిపోనివ్వకుండా ఎలా జరపాలి?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. నివాస సముదాయంలో ప్రకృతి, సుస్థిర జీవనం ప్రధానంగా వసంతకాలంలో ఒక రోజు ఉత్సవం జరపాలంటే ఏమేం ఏర్పాటు చేయాలన్నది మొదటిది. అది ఆ ఒక్క రోజు హడావుడితో ముగిసిపోకుండా ఉండాలంటే ఏం చేయాలన్నది రెండోది. ఇలాంటి ఉత్సవాన్ని ఆరేళ్లుగా నిర్వహిస్తున్న ఒక చిన్న బృందంలో నేనూ పనిచేస్తున్నాను. రెండో ప్రశ్నకు జవాబు ఆలోచించుకున్న తర్వాతే మొదటిదానికి జవాబు చెప్పగలమన్నది నా అభిప్రాయం. మా ఉత్సవానికి వచ్చినవారు అక్కడ తమ చేతులతో చేసి చూసిన పనులే తరువాతి నెలల్లో వాళ్ల ఇళ్లలో కనిపించాయి. ఉపన్యాసం విని పద్ధతి మార్చుకున్న ఇల్లు మాత్రం నాకు ఒక్కటి కూడా తెలియదు. అందువల్ల కార్యక్రమాల జాబితా రాసుకునేటప్పుడు ఒక్కొక్కదాని పక్కన "ఇక్కడ వచ్చినవారి చేతికి పని ఉందా?" అని రాసుకొని, లేనివాటిని నిర్మొహమాటంగా కొట్టివేయండి.

మొదటి ఏడు మేము ఈ ఆలోచన లేకుండానే దిగాము. పెద్ద వేదిక కట్టాము, నాలుగు ఉపన్యాసాలు పెట్టాము, అందరిచేత ప్రతిజ్ఞ చేయించాము, వెళ్లేటప్పుడు తలా ఒక మొక్క ఇచ్చి పంపాము. సాయంత్రానికి మైదానంలో మిగిలిన చెత్తను చూసి చాలా బాధపడ్డాము. కప్పులు, పళ్లేలు సరఫరా చేసినవారు అవన్నీ మట్టిలో కలిసిపోయే రకమని చెప్పడంతో వాటిని నమ్మకంగా మా ఎరువు కుప్పలో వేశాము. మూడు నెలల తరువాత కుప్ప తిరగేస్తే కప్పులు దాదాపు వేసినవి వేసినట్లే ఉన్నాయి. అవి పీఎల్ఏ అనే పదార్థంతో చేసినవి. మొక్కల పిండిపదార్థం నుంచి తయారైనదే అయినా, అది విచ్ఛిన్నం కావాలంటే దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ వేడి వారాల తరబడి నిలకడగా ఉండాలి. ఐరోపాలో అమలులో ఉన్న ఈఎన్ 13432 ప్రమాణం ప్రకారం అలాంటి వస్తువు 12 వారాల్లో 90 శాతం ముక్కలైపోవాలి గానీ, ఆ పరీక్ష పారిశ్రామిక కంపోస్టు కేంద్రాల పరిస్థితులను దృష్టిలో పెట్టుకొని చేసేది. పెరట్లోని చిన్న కుప్ప అంత వేడిని అంతకాలం నిలుపుకోలేదు. మామూలు కాగితపు కప్పులకైతే లోపల పాలిథిన్ పొర ఉంటుంది కాబట్టి అవీ పనికిరావు. కనుక మీకు దగ్గరలో అలాంటి కేంద్రం ఉండి, వాళ్లు ఆ వస్తువులను తీసుకుంటామని స్పష్టంగా చెబితే తప్ప, "కంపోస్టబుల్" అన్న ముద్రను చూసి కొనవద్దు.

రెండో ఏడు నుంచి మేము కడిగి వాడుకునే లోటాలకు మారాము. లోటా తీసుకునేటప్పుడు చిన్న మొత్తం డిపాజిట్ కడతారు, తిరిగి ఇచ్చినప్పుడు దాన్ని వెనక్కి తీసుకుంటారు. జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరం 2016లో పలు కాఫీ దుకాణాలకు ఉమ్మడిగా ప్రారంభించిన కప్పుల పద్ధతి కూడా ఇదే. దీనికి కావలసినవి కడగడానికి నీళ్లు, రెండు తొట్లు, వంతుల ప్రకారం నిలబడే నలుగురు మనుషులు. కడిగే చోటును ఏ మూలనో దాచకుండా అందరికీ కనబడేటట్లు మధ్యలో పెట్టండి. తమ లోటా తామే కడిగి ఇవ్వడానికి జనం ఎంత ఇష్టంగా ముందుకొస్తారో చూస్తే మీకే ఆశ్చర్యం కలుగుతుంది.

చెత్తబుట్టల విషయంలో చెప్పవలసినది కొద్దిగానే ఉంది. తడి చెత్తకు, పొడి చెత్తకు, ఎందుకూ పనికిరానిదానికి మూడు బుట్టలను ఎప్పుడూ పక్కపక్కనే పెట్టాలి. ఒంటరిగా ఒక్క బుట్ట ఎక్కడ కనిపించినా అందులో అన్నీ కలిసిపోతాయి. ప్రతి చోటా ఒక కార్యకర్త నిలబడి ఉండటం తప్పనిసరి. ఎంత పెద్ద అక్షరాలతో బోర్డులు రాసినా ఒక మనిషి చేసే పనిని అవి చేయలేవు. సాయంత్రం మూడింటినీ విడివిడిగా తూకం వేసి, ఆ అంకెలను అక్కడే అందరికీ చదివి వినిపించండి. మరుసటి ఏటి ఏర్పాట్లకు అంతకన్నా ఉపయోగపడే నివేదిక వేరే ఉండదు.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది ఎరువు కుప్ప. కంపోస్టు గురించి చెప్పే స్టాళ్లలో సాధారణంగా ఒక ఖాళీ డబ్బా, ఒక బొమ్మల చార్టు ఉంటాయి. వాటిని చూసి ఎవరికీ నమ్మకం కలగదు. మేము ఉత్సవానికి మూడు నెలల ముందే ఒక కుప్ప వేసి, పది, పన్నెండు రోజుల ముందు రెండోది వేసి, మూడోదానికి కావలసిన సరుకును ఉత్సవం రోజున వచ్చినవారిచేతే కలిపించడం మొదలుపెట్టాము. ఎండుటాకులు, రంపపు పొట్టు, చింపిన అట్టముక్కల వంటివి రెండు మూడు వంతులు, వంటింటి తడి వ్యర్థాలు, పచ్చి గడ్డి ఒక వంతు వేస్తే కర్బనం, నత్రజనిల నిష్పత్తి సుమారు 25 నుంచి 30కి ఒకటిగా కుదురుతుంది. చెమ్మ సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. ఈ మాటలన్నీ కరపత్రంలోనూ రాయవచ్చు. అయితే కరపత్రం ఇవ్వలేనిది రెండో కుప్పలో ఉంటుంది. దాదాపు ఒక ఘనమీటరు పరిమాణం ఉండి సరిగా కలిపిన కుప్ప లోపల సూక్ష్మజీవుల పని వల్ల 55 డిగ్రీలు, ఒక్కొక్కప్పుడు అంతకు పైగా వేడి పుడుతుంది. కుప్పను పారతో కొంచెం తెరిచి, లేచే ఆవిరి మీద అరచేయి చాపమంటాము. పెద్దవాళ్లు చటుక్కున చేయి వెనక్కి తీసి, "కింద నిప్పు ఏమైనా పెట్టారా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న తరువాత మేము చెప్పే ప్రతి మాటనూ వాళ్లు శ్రద్ధగా వింటారు. ఆ పక్కనే ఉన్న మొదటి కుప్పలోని నల్లటి ఎరువును చేతిలోకి తీసుకొని వాసన చూసి, దుర్వాసన లేదని స్వయంగా తెలుసుకున్నవాళ్లలోనే కొందరు ఇంట్లో ఎరువు కుండ పెట్టారు. వాసన వస్తుందనే భయమే చాలా ఇళ్లలో అసలు అడ్డంకి. గాలి ఆడనప్పుడు, తడి ఎక్కువైనప్పుడు మాత్రమే కుళ్లు వాసన వస్తుందనీ, ఎండుటాకులు వేసి తిరగేస్తే అది పోతుందనీ చూపించగలిగితే ఆ భయం తీరుతుంది.

మరమ్మతు మూల రెండో స్థానంలో నిలుస్తుంది. 2009 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినె పోస్ట్‌మా అనే పాత్రికేయురాలు, పాడైన వస్తువులను జనం కలిసి కూర్చొని బాగుచేసుకునే మొదటి రిపేర్ కేఫ్‌ను నిర్వహించారు. ఆ నమూనా తరువాత ఎన్నో దేశాలకు పాకింది. దాని ప్రాణమంతా ఒక్క నియమంలో ఉంది. వస్తువును అప్పగించి వెళ్లిపోవడం కుదరదు, యజమాని మరమ్మతు చేసేవారి పక్కన కూర్చొని స్క్రూలు విప్పడం దగ్గర నుంచి తానూ చేయి కలపాలి. మేము ఈ నియమాన్ని ఒక ఏడు సడలించాము. బల్ల మీద వస్తువులు గుట్టగా పేరుకుపోయి, మరమ్మతు చేసేవాళ్లు అలసిపోయి, నేర్చుకున్నవాళ్లు ఎవరూ లేకుండా ఆ రోజు ముగిసింది. మళ్లీ ఆ పొరపాటు చేయలేదు. మాకు వచ్చిన విద్యుత్ పరికరాల్లో ఎక్కువ భాగం తీగ తెగిపోవడం, ప్లగ్గు వదులు కావడం, ఫ్యూజు పోవడం వంటి చిన్న లోపాలతో మూలపడినవే. అయినా మైక్రోవేవ్ ఓవెన్లను మాత్రం తీసుకోము. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా వాటిలోని కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఈ మాటను బల్ల ముందు పెద్దగా రాసి పెట్టండి.

విత్తనాల మార్పిడికి జనాదరణ తప్పకుండా ఉంటుంది, కానీ పొట్లాల మీద వివరాలు లేకపోతే మరుసటి ఏడు ఫిర్యాదులు వస్తాయి. మొక్క పేరు, విత్తనం తీసిన సంవత్సరం, తల్లి మొక్క సంకర రకమా కాదా అన్న మూడు వివరాలు లేని పొట్లాన్ని బల్ల మీదకు రానివ్వకండి. ఎఫ్1 సంకర రకాల (రెండు వేర్వేరు రకాలను కలిపి పుట్టించిన మొదటి తరం మొక్కల) నుంచి తీసిన విత్తనాలు తల్లి మొక్కను పోలిన మొక్కలను ఇవ్వవు. టమాటా, చిక్కుడు వంటివి ఎక్కువగా స్వపరాగ సంపర్కంతో, అంటే తమ పువ్వులోని పుప్పొడితోనే, కాస్తాయి కాబట్టి కొత్తవాళ్లకు అవి నమ్మదగినవి. గుమ్మడి జాతి మొక్కల్లో తేనెటీగలు పుప్పొడిని ఒక రకం నుంచి మరో రకానికి మోస్తాయి గనుక, రెండు రకాలను దగ్గరగా పెంచినవారి విత్తనం ఏ కాయ కాస్తుందో చెప్పలేము. ఉల్లి విత్తనానికి ఏడాది రెండేళ్లలోనే మొలిచే శక్తి బాగా తగ్గిపోతుంది, టమాటా విత్తనం నాలుగేళ్ల వరకూ నిలుస్తుంది. పాత విత్తనం మీద అనుమానం వస్తే తడిగుడ్డలో పది గింజలు చుట్టి పెట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడం ఎలాగో పిల్లలచేత చేయించండి.

మొక్కల పంపిణీని మేము పూర్తిగా మానేశాము. వసంతం తరువాత వచ్చే వేసవి పొడిగా, తీవ్రంగా ఉండే చోట అప్పుడు నాటిన మొక్కకు వేరు నిలదొక్కుకునే వ్యవధి ఉండదు. మొదటి ఏడు మేము ఇచ్చిన మొక్కలను చూడటానికి మూడు నెలల తరువాత ఇంటింటికీ వెళ్తే చాలా వరకు ఎండిపోయి ఉన్నాయి. మొక్కలు నాటే ఆర్బర్ డే 1872 ఏప్రిల్ 10న అమెరికాలోని నెబ్రాస్కాలో మొదలైంది. నేడు అక్కడి రాష్ట్రాలన్నీ దాన్ని ఒకే రోజున జరపవు. ఫ్లోరిడాలో జనవరిలో జరుపుతారు, ఎందుకంటే అక్కడ నాటడానికి అనువైన కాలం అది. మీ ప్రాంతంలో నాటవలసిన కాలం వేరైతే, ఉత్సవంలో గుంతల స్థలాలు ఎంపిక చేసి, ఏ మొక్కకు ఎవరు నీళ్లు పోయాలో పేర్లు రాయించుకొని, నాటడం ఆ కాలానికే వదిలేయండి.

తేదీ గురించి కూడా ఒక మాట చెబుతాను. ఏప్రిల్ 22 ధరిత్రీ దినోత్సవం నాడే జరపాలన్న పట్టుదల అవసరం లేదు. 1970లో అమెరికా సెనేటర్ గేలార్డ్ నెల్సన్ ఆలోచనతో మొదలైన ఆ కార్యక్రమానికి ఆ తేదీని కళాశాలల వసంత సెలవులకూ చివరి పరీక్షలకూ మధ్య పడుతుందన్న కారణంతో ఎంచుకున్నారు. ఆ రోజు సుమారు రెండు కోట్ల మంది పాల్గొన్నారు. నేను ఇందులో గ్రహించినది ఏమిటంటే, జనానికి వీలైన రోజే మంచి రోజు. మీ పిల్లల పరీక్షలు, మీ ప్రాంతపు ఎండ చూసుకొని నిర్ణయించుకోండి.

అదే సమయంలో పక్షుల గురించి ఆలోచించండి. వసంతం అనేక పక్షులు గూడు కట్టే కాలం. ప్రకృతి పేరుతో జరిపే ఉత్సవంలో బ్యానర్ల కోసం కొమ్మలు నరకడం, చెట్లకు మేకులు కొట్టడం, గూళ్ల కింద మైకులు పెట్టడం నాకు చాలా బాధ కలిగించే విషయాలు. వారం ముందు ఒక ఉదయం మైదానమంతా నడిచి, గూళ్లున్న చెట్లను గుర్తించి, ఆ వైపు స్టాళ్లు లేకుండా పటం గీసుకోండి. ఉత్సవం రోజు తెల్లవారుజామున పది పన్నెండు మందికి మించకుండా ప్రకృతి నడక పెట్టండి. ఫోనులో పక్షి కూతలు వినిపించి వాటిని రప్పించవద్దు, గూడు కాపాడుకోవలసిన పక్షిని అది అనవసరంగా కలవరపెడుతుంది. చూసిన మొక్కలను, పురుగులను ఫోటోలు తీసి, జీవజాతుల పరిశీలనలను నమోదు చేసే ఐనాచురలిస్ట్ అనే ఆన్‌లైన్ వేదికలో చేర్పించవచ్చు. 2016లో లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాల మధ్య పోటీగా మొదలైన, నగరాల్లోని జీవజాతులను నమోదు చేసే సిటీ నేచర్ ఛాలెంజ్ ఇప్పుడు ప్రపంచమంతటా ఏప్రిల్ చివరలో జరుగుతుంది గనుక, తేదీ కుదిరితే అందులో చేరండి.

బట్టల మార్పిడి పెడితే, మిగిలిన బట్టలు ఎక్కడికి వెళ్లాలో ముందే ఏర్పాటు చేసుకోండి. ఇక విరాళాల మాట: ఉత్సవానికి విరాళం ఇస్తామన్న ఒక సంస్థ తమ ప్రచార వస్తువులను ప్లాస్టిక్ సంచుల్లో పంచాలని షరతు పెడితే మేము వద్దన్నాము. ఆ ఏడు వేదిక చిన్నదైంది, లోటు ఏమీ కనిపించలేదు.

చివరగా మీ రెండో ప్రశ్న. మేము ఇప్పుడు ప్రతిజ్ఞలు చేయించడం లేదు. ప్రతి బల్ల దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది, అందులో మొదటి పంక్తిలో తరువాతి సమావేశం తేదీ, చోటు ముందుగానే రాసి ఉంటాయి. మరమ్మతు మూల రెండు నెలలకు ఒకసారి, ఎరువు కుప్ప తిరగేయడం పదిహేను రోజులకు ఒకసారి, విత్తనాల వారు విత్తే కాలంలోనూ కోసే కాలంలోనూ కలుస్తారు. ఉత్సవానికి వందల మంది వచ్చినా ఆ పుస్తకాల్లో పేరు రాసేవారు ముప్ఫై నలభై మందే ఉంటారు, నెల తరువాత నిజంగా వచ్చేది అందులో సగం. ఆ సగం మంది కోసమే ఉత్సవం జరపాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. కాబట్టి వేదిక గురించి మాట్లాడటానికి ముందే ఆ మూడు సమావేశాల తేదీలు నిర్ణయించండి, ఈ వారమే మొదటి కుప్పకు ఎండుటాకులు పోగుచేయడం మొదలుపెట్టండి. మూడు నెలల వ్యవధి లేకపోతే, వేడి కుప్ప ఒక్కటైనా సిద్ధమయ్యేటట్లు చూసుకోండి.